అమ్మ వాటా వెన్నెల

‘ఆటమ్ అంటే ఏమిట్రా?’ అని స్కూలుకెళ్ళే పిల్లల్ని అడిగి చూడండి. ‘ఆకులు రాలే కాలం’ అని ఠక్కున చెప్పేస్తారు. ఇంగ్లిషు పాఠంలో అలాగే ఉంటుంది మరి. ఎర్రటి ఆకుల బొమ్మ, పక్కనే కోటు వేసుకున్న పిల్లాడు. ఆ బొమ్మ చూసి కిటికీలోంచి బయటికి చూస్తే మన వేపచెట్టు పచ్చగా నవ్వుతూ ఉంటుంది. మూడు నెలలు వాననీళ్ళు తాగి నిండుగా ఉన్న చెట్టాయె, ఇప్పుడెందుకు రాలుస్తుంది ఆకుల్ని! మనకి ఆకులు రాలేది శిశిరంలో, సంక్రాంతి వెళ్ళాక, మాఘ ఫాల్గుణాల్లో. శరత్తు అంటే ఆశ్వయుజం, కార్తీకం. ఈ రెండు నెలల్లో మనకి రాలేవి ఆకులు కాదు, పూలు. తెల్లారగానే పారిజాతం చెట్టు కిందికెళ్ళి చూడండి, తెలుస్తుంది.

మిగతా కాలాలకి గొంతు పెద్దది. ఎండాకాలం తలుపులు తన్నుకుంటూ వస్తుంది. వానాకాలం రేకుల మీద దరువేస్తూ వస్తుంది. చలికాలం ముక్కు పట్టుకుని మరీ చెబుతుంది. శరత్తు మాత్రం చుట్టపుచూపుగా వచ్చి అరుగు మీద కూర్చుని, ఎవరైనా చూస్తారేమోనని ఎదురుచూసి, ఎవరూ చూడకపోతే అలాగే వెళ్ళిపోతుంది. మనం అప్పటికి దసరా షాపింగ్‌లో ఉంటాం. లేకపోతే దీపావళి బోనస్ లెక్కల్లో ఉంటాం.

మన పూర్వీకులు మాత్రం ఈ చుట్టానికి పెద్దపీట వేశారు. వేదకాలపు దీవెనల్లో వందేళ్ళు బతకమని చెప్పడానికి వంద శరత్తులు బతకమన్నారు. సంవత్సరానికి శరత్తు అని మరో పేరే పెట్టుకున్నారు. వర్షాలు గట్టెక్కి, జబ్బులు దాటి, పంట చేతికొచ్చే వేళకి మనిషి ప్రాణంతో ఉన్నాడంటే ఆ ఏడాది నెగ్గినట్టే కదా! సరే, వంద చూడమన్నారు. పోయినేడాదిది ఒక్కటైనా సరిగ్గా చూశామా అని ఇంట్లో అందర్నీ అడగండి. నాన్న కాస్త ఆలోచించి ‘ఆఁ... చూశాం కదా’ అంటారు. పిల్లలు సెలవులు గుర్తుచేసుకుంటారు. అమ్మ మాత్రం ‘నాకెక్కడ కుదురుతుంది, పండగ పనులతోనే సరిపోయింది’ అంటుంది. అసలు సంగతి అక్కడుంది. శరత్తు ఇంటికి వస్తుంది కానీ ఇంట్లో అందరికీ సమానంగా రాదు.

కడవ కడగటానికి పొద్దుండదు

ముందు ఆకాశం సంగతి చూద్దాం. అది ఉచితం కాబట్టి.

నైరుతి రుతుపవనాలు మామూలు లెక్క ప్రకారం అక్టోబరు 15 నాటికి దేశం వదిలి వెళ్తాయి. అవి వెళ్తూ వెళ్తూ గాల్లో దుమ్మంతా కడిగేసి వెళ్తాయి. అందుకే ఈ రోజుల్లో ఆకాశం నీలిమందులో ముంచి ఆరేసినట్టు ఉంటుంది. మబ్బులు కూడా నల్లటి ఏనుగుల్లా కాకుండా ఏకిన దూదిలా తేలుతుంటాయి. మబ్బు అనేది భూమికి దుప్పటి లాంటిది. అది కప్పి ఉన్నంతసేపూ పగటి వేడి పైకి పోదు. మబ్బు విడిపోతే రాత్రికి ఆ వేడంతా ఆకాశంలోకి వెళ్ళిపోతుంది. మధ్యాహ్నం మాడు చుర్రుమన్నా, తెల్లవారుజామున కాళ్ళతో దుప్పటి వెతుక్కోవడం అందుకే.

పొద్దు కూడా కురచవుతుంది. సెప్టెంబరు 22, 23 తేదీల్లో పగలూ రాత్రీ దాదాపు సమానం. ఆ తర్వాత రోజుకింత చొప్పున పగలు తరుగుతూ పోతుంది. జూన్‌లో హైదరాబాద్‌లో సాయంత్రం 6.50 దాటినా వెలుగుండేది కాస్తా, నవంబరు చివరికి 5.40కే సూర్యుడు దిగిపోతాడు. విశాఖపట్నంలో అయితే ఇంకా ముందే, సుమారు 5.20కి. ఈ సంగతి మన పెద్దవాళ్ళు గడియారం లేకుండానే చెప్పారు. కార్తీకమాసంలో కడవ కడగటానికి పొద్దుండదు, పుష్యమాసంలో పూస గుచ్చటానికి పొద్దుండదు అని.

సామెత వినడానికి ముచ్చటగానే ఉంటుంది. మరి ఆ కడవ ఎవరు కడుగుతున్నారో ఒకసారి ఆలోచించారా? పొద్దు కురచైనంత మాత్రాన పని కురచ కాదు. పైగా ఈ రెండు నెలల్లోనే పని రెట్టింపు. వానాకాలమంతా ముక్కవాసన పట్టిన పరుపులు, దుప్పట్లు ఎండలో వేయాలి. బీరువాలో పట్టుచీరలు గాలికి ఆరేయాలి. బూజులు దులపాలి. పప్పులు, పచ్చళ్ళ జాడీలు చెమ్మ తగిలిందేమో చూసుకోవాలి. ఎండ తగిలిన దుప్పటి కప్పుకుని పడుకుంటే వచ్చే వెచ్చటి వాసన ఉంది చూశారూ, ఏ సెంటు సీసాలోనూ దొరకదు. శరత్తు ఇచ్చే మొదటి సుఖం అదే. కాకపోతే దాన్ని మేడ మీదికి మోసినవాళ్ళు ఒకరు, కప్పుకుని గుర్రుపెట్టేవాళ్ళు వేరొకరు.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ఈ విషయాన్ని అంకెల్లో చెప్పింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు అందుకోసం రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే మగవాళ్ళు వెచ్చించేది 88 నిమిషాలు. అంటే ఆమెకి దాదాపు అయిదు గంటలు, ఆయనకి గంటన్నర. ఇది ఏడాది పొడవునా ఉండే లెక్క. పండగల నెలల్లో ఇంకెలా ఉంటుందో మీ ఇంట్లో మీరే చూసుకోండి.

సత్యభామ చెట్టు, రుక్మిణి పూలు

పారిజాతం చిత్రమైన చెట్టు. చీకటి పడ్డాక విచ్చుకుని, తెల్లారేసరికి నేల మీద పరుచుకుంటుంది. తెల్లటి రేకులు, నారింజ రంగు కాడ. ఆ కాడల్ని ఎండబెట్టి పూర్వం బట్టలకి రంగు వేసేవారు. మామూలుగా కిందపడ్డ పువ్వు దేవుడికి పనికిరాదంటాం, పారిజాతానికి మాత్రం ఆ నియమం లేదు. తొమ్మిదయ్యేసరికి వాడిపోతుంది. ఫ్రిజ్‌లో పెడదామన్నా లాభం లేదు. ఏడుకి ముందు లేచినవాళ్ళకే ఆ పూలు.

ఈ పూల కోసం శ్రీకృష్ణుడి ఇంట్లో ఎంత గొడవైందో మనకి తెలుసు. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ పేరుతో ఏకంగా కావ్యమే రాశాడు. జనం చెప్పుకునే కథలో ఇంకో మలుపుంది. చెట్టు సత్యభామ పెరట్లో నాటారట, పూలు మాత్రం గాలికి రుక్మిణి వాకిట్లో రాలేవట. ఇప్పటి అపార్ట్‌మెంట్లలోనూ అదే కథ. చెట్టు పక్కింటి వాళ్ళది, కొమ్మ మన పార్కింగ్‌లోకి. కారు మీద రాలిన పూలని చూసి విసుక్కునేవాళ్ళు కొందరు, పళ్ళెం తెచ్చుకుని ఏరుకునేవాళ్ళు కొందరు. ఏరుకునేవాళ్ళే తెలివైనవాళ్ళని వేరే చెప్పాలా! పిల్లల్ని ఓ పది నిమిషాలు ముందు లేపి ఆ పని అప్పగించండి. బడికెళ్ళేముందు చేతులకి ఆ వాసన అంటుకుని ఉంటే, ఆ రోజు మొదటి పీరియడ్ లెక్కలైనా పెద్దగా బాధనిపించదు.

ఇక్కడా ఒక చిన్న మాట. ఉదయం ఆరింటికి ఇంట్లో అందరికంటే ముందు లేచేది అమ్మే. కానీ ఆ చెట్టు కిందికి వెళ్ళే తీరిక లేనిది కూడా అమ్మకే. క్యారియర్లు సర్దాలి, పాలు పొంగకుండా చూడాలి. ఉద్యోగం చేసే అమ్మైతే ఇక చెప్పనక్కర్లేదు, తనూ బస్సు అందుకోవాలి. ఆ పది నిమిషాలు పొయ్యి దగ్గర ఇంకొకరు నిలబడితే పారిజాతం ఆమెకీ అందుతుంది. పాలు పొంగకుండా చూడటం పెద్ద విద్యేమీ కాదు కదా!

నలిగిన పండు ఎవరికి?

శరత్తు రుచులకి ఒక గుణం ఉంది. ఏదీ ఆగదు.

సీతాఫలాన్నే తీసుకోండి. మహబూబ్‌నగర్ జిల్లా గుట్టల మీద ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పొయ్యకుండా పెరిగే పండు. ఆ జిల్లాలోని బాలానగర్ పేరుతో దేశమంతా పేరుపడ్డ రకమే ఉంది. దసరా ముందు నుంచే గంపలు రోడ్ల పక్కకి వచ్చేస్తాయి. కాయ మీది గడుల మధ్య చాళ్ళు విచ్చుకుని తెల్లబడ్డాయంటే పండటానికి సిద్ధమైనట్టు. అలాంటివి తెచ్చి బియ్యం డబ్బాలో పెడితే రెండు మూడు రోజుల్లో మెత్తబడతాయి. పచ్చికాయని ఫ్రిజ్‌లో పెడితే మాత్రం నల్లబడుతుంది తప్ప పండదు. పండిన తర్వాత ఒకటి రెండు రోజులే దాని ఆయుష్షు. పొద్దున చూస్తే ఇంకా గట్టి, సాయంత్రం చూస్తే పగిలిపోయి ఉంటుంది. స్పూన్లూ గిన్నెలూ పక్కన పెట్టి, చేత్తో విప్పి, గింజల్ని నోట్లోనే వేరుచేసుకుంటూ తినాలి. తొందరపడేవాడికి సీతాఫలం దక్కదు.

వేరుశనగకాయలు కూడా అంతే. పల్లికాయ అనండి, శనక్కాయ అనండి, పేరు ఏ జిల్లాదైనా రుచి ఒకటే. ఖరీఫ్ పంట తవ్విన రోజుల్లో, ఇంకా మట్టి వాసన పోని పచ్చికాయల్ని కడిగి, రాళ్ళుప్పు వేసి కుక్కర్లో ఉడికిస్తే, ఇల్లంతా ఒక చోట చేరడానికి ఇంకేం కావాలి? నాలుగు చేతులు ఒకే గిన్నెలో పడతాయి. టీవీ రిమోట్ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. ఎండిన కాయలు ఏడాదంతా దొరుకుతాయి కానీ ఆ పాలు కారే లేతగింజ ఈ కొన్ని వారాలే.

కార్తీకం వస్తే ఉసిరికాయలు. ఒకటి కొరికి, మొహం వంకర్లు పోయాక, గుక్కెడు మంచినీళ్ళు తాగి చూడండి. నీళ్ళు తియ్యగా ఉంటాయి. ఇంత చవకైన మిఠాయి ప్రపంచంలో లేదు! గోదావరి జిల్లాల్లో ఆవ పెట్టిన కంద బచ్చలి కూరకి ఇదే అదను. కార్తీకం చివర్లో కోస్తా సంతల్లోకి తేగలు దిగుతాయి. తాటిటెంకల్ని పాతర వేస్తే మొలకెత్తిన తేగల్ని కుంపట్లో కాల్చో, కుండలో ఉడకబెట్టో తింటారు. మధ్యకి చీల్చితే లోపల లేతాకు ఉంటుంది, దాన్ని చందమామ అంటారు. ఆ చందమామ ఎవరికనే తగువు తెగేది కాదు.

ఇంతకీ ఈ రుచుల పంపకంలో అమ్మకి ఏం దక్కుతుందో గమనించారా? సీతాఫలాల్లో బాగా పగిలి నలిగినది, ఎవరూ ముట్టనిది ఆమె పళ్ళెంలోకి వెళ్తుంది. ‘పారేస్తామా ఏమిటి, నేను తినేస్తాలే’ అంటుంది. కందకి చేతులు దురదపెట్టేది ఆమెకి, కూర మొదటి ముద్ద ఇంకొకరికి. అట్లు వేసే ఇంట్లో ఆఖరి అట్టు ఆమెది, అప్పటికి పచ్చడి గిన్నె అడుగంటి ఉంటుంది. ఇదంతా ఎవరూ కావాలని చేసేది కాదు. ‘అమ్మకి అదే ఇష్టం’ అని ఇల్లంతా హాయిగా నమ్మేస్తుంది. నలిగిన పండు ఎవరికైనా ఇష్టంగా ఉంటుందా? ఆగని రుచి అని తెలిసీ ఆమెని ఆగమనడం న్యాయమేనా?

అట్లు మిగిలాయి, ఉయ్యాల పోయింది

ఇక్కడ మన పండగల్ని ఒకసారి జాగ్రత్తగా చూడాలి. ఈ రుతువులో పండగలు పెట్టినవాళ్ళు మనం అనుకున్నంత అమాయకులేమీ కాదు.

అట్లతద్దినే తీసుకోండి. ఆశ్వయుజ పౌర్ణమి వెళ్ళిన మూడోరోజు. ముందురోజు గోరింటాకు పెట్టుకోవాలి. అంటే ఆ కాసేపూ చేతులతో ఏ పనీ చేయకూడదు. చీకటితోనే లేచి చద్దన్నం తినాలి. అంటే పొద్దున్నే వండక్కర్లేదు. తర్వాత తోటలోకెళ్ళి ఉయ్యాలలూగాలి, ఆడాలి, పాడాలి. సాయంత్రం గౌరీపూజ, చంద్రుడొచ్చాక అట్లు. ఆటని ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఉయ్యాల ఊగితేనే నోము. ఆడవాళ్ళ తీరికని ఇంట్లో ఎవరూ కాదనకుండా వ్రతంలో కలిపి కుట్టేశారు.

బతుకమ్మ కూడా అంతే. పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. సాయంత్రమయ్యేసరికి ఇల్లు వదిలి వాకిట్లోకో, గుడి దగ్గరికో, చెరువు గట్టుకో పోయి చప్పట్లు చరుస్తూ తిరగాల్సిందే. పొలాల గట్ల మీద తనంత తానే మొలిచే గునుగు, తుప్పల్లో పూసే తంగేడు ఈ పండక్కి రాణులు. కొన్ని పువ్వు కాదు ఇది, కోసుకొచ్చే పువ్వు. ఆ పూలు తేవడం ఇంట్లో మగవాళ్ళ పని, పిల్లల పని. తెల్లారగట్టే వెళ్ళి మోపులు మోసుకొచ్చేవారు. ఇంకో తమాషా ఏమిటంటే, ఆరో రోజున అలిగిన బతుకమ్మ. ఆ రోజు నైవేద్యం ఉండదు. అమ్మవారు అలిగారు కాబట్టి వంట బందు! దేవతకే తొమ్మిది రోజుల్లో ఒకరోజు అలగడానికి హక్కుంటే, తొమ్మిది రోజులూ పొయ్యి దగ్గర నిలబడే మనిషికి ఉండొద్దా?

కార్తీకంలో వనభోజనాలదీ అదే దారి. ఉసిరిచెట్టు కింద అందరూ కూర్చుని తినాలి. ఎవరి వంటింట్లో వాళ్ళు కాదు, అందరూ కలిసి, చెట్టు కింద. ఆ ఒక్కపూట ఏ ఇల్లాలూ తన ఇంటి గడప లోపల ఉండదు.

మరి మనం ఏం చేశాం? పండగల్లో పనిని ఉంచుకుని ఆటని వదిలేశాం. అట్లు మిగిలాయి, ఉయ్యాల పోయింది. అయిదు రకాల సద్దులు మిగిలాయి, పూలు తెచ్చే చేతులు తగ్గాయి. వనభోజనానికి ఇంట్లోనే వండి క్యారియర్లలో తీసుకెళ్తున్నాం, తిరిగొచ్చాక గిన్నెలు తోముకుంటున్నాం. టీవీలో బతుకమ్మ పాటలు చూస్తూ, ‘ఆ రోజులే వేరు’ అని నిట్టూరుస్తున్నాం. ఆ రోజులు ఎక్కడికీ పోలేదు. వాటిలో సగం మాత్రమే తెచ్చుకున్నాం, అంతే. మిగతా సగం తెచ్చుకోవడానికి ఖర్చేమీ లేదు. బాల్కనీలో ఓ తాడు, ఓ చెక్క చాలు. లేకపోతే సందు చివరి పార్కులో పిల్లల ఉయ్యాలైనా ఉంటుంది. నలభై ఏళ్ళ అమ్మ ఒక్కసారి ఎక్కి కూర్చుంటే ఎవరైనా నవ్వుతారా? నవ్వితే నవ్వనివ్వండి, పండగన్నాక నవ్వాలి కదా!

దీపం, చుక్కలు, ఒక కన్ను సముద్రం మీద

కార్తీకం సాయంకాలాలకి కరెంటు పోయినా ఫర్వాలేదు. పోతే ఇంకా మంచిది. గుమ్మం దగ్గర రెండు ప్రమిదలు, తులసికోట దగ్గర ఒకటి. చీకటి త్వరగా పడే నెలల్లోనే ఇంటింటికీ దీపం పెట్టమనడం ఎంత మంచి ఆలోచనో! వత్తి చేయడం పిల్లలకి నేర్పండి. తొడ మీద దూది పెట్టి అరచేత్తో దొర్లించడం వీడియో గేమ్ కంటే కష్టం, అందుకే వాళ్ళకి నచ్చుతుంది. పౌర్ణమికి 365 వత్తులు ఒక్కరే కూర్చుని చేసే ఇంట్లో, నలుగురు కూర్చుంటే మనిషికి వందైనా పడవు.

నెలకి కార్తీకమని పేరు ఎందుకొచ్చిందో చూపించాలంటే పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్ళండి. పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తికా నక్షత్రం దగ్గర ఉంటాడు కాబట్టి ఆ పేరు. పౌర్ణమి వెన్నెల్లో ఆ చుక్కలు మసకబారతాయి, అమావాస్యకి దగ్గర రోజుల్లో బాగా కనిపిస్తాయి. నవంబరులో రాత్రి ఎనిమిదింటికి తూర్పువైపు చూస్తే చిన్న గుత్తిలా ఉంటాయి. మంచి చూపున్నవాళ్ళు ఆరు లెక్కపెట్టగలరు. తాతయ్య ఎన్ని లెక్కపెట్టారు, మనవడు ఎన్ని లెక్కపెట్టాడు అని పందెం కాయండి. దోమలుంటాయి, నిజమే. ఈ కాలం జ్వరాల కాలం కూడా. కుండీల కింద ప్లేట్లలో, పాత టైర్లలో నీళ్ళుంటే పారబోయండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నిలవనీళ్ళలోనే.

శరత్తు మనకి ఎప్పుడూ మెత్తగానే ఉంటుందని అనుకోవడానికీ లేదు. తుపాన్లు పుట్టే రోజులివి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది, కార్తీకం మొదలైన కొద్ది రోజులకే. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ ఏడాది అక్కడ దీపావళి నాటికి చాలా వీధుల్లో నీడనిచ్చే చెట్టే మిగల్లేదు. హైదరాబాద్‌ని 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో వాన ముంచేసింది. అందుకే కోస్తాలో ఈ రెండు నెలలూ ఒక కన్ను దీపం మీద, ఒక కన్ను సముద్రం మీద ఉంటుంది. కోతకొచ్చిన వరి ఇంటికి చేరేదాకా రైతుకి వెన్నెల కూడా సగమే. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. మంచిగా గడిచిన సాయంత్రాన్ని చిన్నచూపు చూడొద్దని చెప్పడానికే.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళల్లో ఈ సాయంత్రాలు మరీ నిశ్శబ్దంగా ఉంటాయి. అక్కడ నిజంగానే ఆకులు ఎర్రబడి రాలుతుంటాయి. మనకి సాయంత్రం ఆరయితే న్యూజెర్సీలో అక్టోబరులో ఉదయం 8.30. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు, అప్పట్నుంచి 7.30. అంటే మన దీపం వేళకి వాళ్ళు కాఫీ కప్పుతో ఉంటారు. ‘అన్నం తిన్నారా, మందులు వేసుకున్నారా’ అనే రోజువారీ ప్రశ్నల బదులు ఫోను కెమెరా తులసికోట వైపు తిప్పండి. వాళ్ళని కిటికీ బయటి ఎర్రటి చెట్టు చూపించమనండి. రెండు శరత్తులు ఒక్క ఫోన్లో కలుస్తాయి. మాటలు వాటంతట అవే వస్తాయి.

వాటా పంచుకుందాం

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఖరీదైనది ఏముంది? రాలిన పూలు, గుట్ట మీది పండు, ఉప్పు వేసి ఉడికించిన కాయలు, రెండు ప్రమిదలు, ఆరు చుక్కలు. డబ్బు పెట్టి కొనాల్సింది తక్కువ. కావలసిందల్లా కాస్త తీరిక. ఆ తీరిక ఇంట్లో ఒకరి దగ్గర ఎక్కువగా, ఒకరి దగ్గర అసలు లేకుండా పోవడమే చిక్కు. పండు పంచినట్టే తీరికని కూడా పంచుకోవాలి. ఇల్లు అన్నాక అది న్యాయం.

ఈ ఆదివారం నుంచే మొదలుపెట్టొచ్చు. దుప్పట్లు మేడ మీదికి మోసే పని నాన్నది. మడతపెట్టి కిందికి తేవడం పెద్దపిల్లలది. పారిజాతాలు ఏరడం చిన్నపిల్లలది. పల్లికాయల కుక్కర్ ఎవరు పెట్టినా మూడు విజిల్స్‌తో పనైపోతుంది, తొక్కలు ఎత్తడం మాత్రం తిన్నవాళ్ళందరిదీ. వత్తులు తాతయ్య, నానమ్మల నాయకత్వంలో. సీతాఫలాల గంపలోంచి మొదట తీసే పండు, మంచిది, చాళ్ళు విచ్చుకున్నది అమ్మకి ఇవ్వండి. ‘నాకొద్దులే, మీరు తినండి’ అంటుంది. అలవాటు కొద్దీ అనే మాట అది, నమ్మకండి. చేతిలో పెట్టి, తినేదాకా పక్కన కూర్చోండి. వారంలో ఒకరోజు అలిగిన బతుకమ్మ రోజని ప్రకటించండి. ఆ రోజు వంట ఎవరిదైనా సరే, ఆమెది మాత్రం కాదు. ఉప్పు ఎక్కువైనా మాట్లాడకుండా తినే బాధ్యత ఆమెకి వదిలేద్దాం.

రాత్రి భోజనాలయ్యాక మేడ మీద కుర్చీలు వేస్తారు కదా, గిన్నెలు మాత్రం సింకులోనే ఉండనివ్వండి. తర్వాత నలుగురూ కలిసి తోముకోవచ్చు. గిన్నెలు ఎక్కడికీ పోవు. వెన్నెల పోతుంది. అందుకే మొదటి కుర్చీ అమ్మకి వేయండి.